గోడవైపు చక్రం

ఆ సెలవురోజు పొద్దున్నే పళ్ళక్క అద్దం పోయింది. మొహం చూసుకునే అద్దమైతే ఆవిడ అంత గొడవ చేసేది కాదు. ఇది సన్నటి స్టీలు కాడ చివర చొక్కా బొత్తామంత అద్దం అతికించిన పనిముట్టు, పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూస్తారే, అది. పళ్ళక్క డాక్టరు కాదు. డాక్టర్లు అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చులో కుదిరేలా కట్టుడు పళ్ళు చేసిపెట్టే ల్యాబు ఆవిడది. పన్ను ముందువైపు ఎవడైనా చూస్తాడు, వెనకవైపు కూడా చూసుకున్నవాళ్ళే పనివాళ్ళు అన్నది ఆవిడ సిద్ధాంతం. అందుకే ఆ అద్దం ఎప్పుడూ బల్లమీద గాజుగ్లాసులో, కుడిచేతికి అందేలా ఉండాలి. ఆ రోజు గ్లాసులో బ్రష్షులున్నాయి, మైనం చెక్కే కత్తులున్నాయి, అద్దం మాత్రం లేదు.

ఇల్లూ ల్యాబూ ఒకటే కాబట్టి ఇల్లంతా వెతికింది. మొగుణ్ణి మంచం మీంచి లేపి మంచం కింద కూడా వెతికింది. ఆయన కళ్ళు నులుముకుంటూ, ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ బాగుచేసే మనిషి తన నోటికి తాళం వేసుకునే రోజొచ్చేసరికి అద్దం కూడా భయపడి పారిపోయిందన్నాడు. ఆ మాటకి మామూలుగా అయితే ఆయనకి కాఫీ ఆలస్యమయ్యేది. కానీ ఆయన అన్నది నిజం. ఆ రోజు పళ్ళక్క నోరు తెరవకూడదు. తమ్ముడికి మాటిచ్చింది.

పళ్ళక్క మాట్లాడకుండా ఉండటమంటే ఏమిటో తెలియాలంటే ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ పనిలో దిట్ట, ఆ సంగతి ఆవిడే నలుగురికీ చెబుతుంది. వీధికి అటుపక్క ఎవరైనా నవ్వితే ఇటుపక్క నుంచే వాళ్ళ నోట్లో పెట్టుడు పన్ను ఏదో చెప్పేస్తుంది. ఎలాగమ్మా అని అడిగితే ఒకటే సూత్రం: "వరసలో ఏది కలవదో అదే పెట్టుడుది." ఇన్నేళ్ళలో ఆ సూత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. అంత నమ్మకం ఉన్న మనిషికి పళ్ళ దగ్గరే ఆగిపోవాలని ఎందుకనిపిస్తుంది? బట్టలు, అద్దిళ్ళు, సంబంధాలు, పక్కింటి గోడకి వెయ్యాల్సిన రంగు, అన్నిట్లోనూ ఆవిడకో తీర్పు ఉంటుంది. ఆ తీర్పు ఆవిడ నోట్లో నువ్వుగింజ నానేంత సేపు కూడా ఆగదు.

ఆ తీర్పులు అందరికంటే ఎక్కువగా తిన్నవాడు తమ్ముడు. ఈతకొలనులో ఈత మాస్టారు. మనిషి నీళ్ళలాగే ఉంటాడు, ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారం అని పళ్ళక్క మురిపెంగా చెబుతుంది. వాడి చదువు ఆవిడే ఎంచింది, వాడి మోటారుసైకిలు ఆవిడే ఎంచింది, వాడి పుస్తకాల బీరువా ఏ గోడకి ఉండాలో కూడా ఆవిడే చెప్పింది. ఏం చెప్పినా వాడు "చూద్దాం అక్కా" అంటాడు. చూద్దాం అన్నాడంటే సరేనన్నట్టే అని పళ్ళక్క లెక్క. అలా లెక్కేసుకునే పని జరిపించేసేది.

వాడికి చిన్నప్పట్నించీ ఒకటే పిచ్చి, స్పోర్ట్స్ కారు. నేలకి ఆనుకుపోయినట్టుండే, ఇద్దరే కూర్చునే కారు. కొత్తది కొనడం వాడి తరం కాదు, పాతది కొనడానికి మాత్రం ఏళ్ళ తరబడి కూడబెట్టాడు. పోయిన వారం వచ్చి, కళ్ళజోళ్ళ షాపాయన ఒకాయన తన కారు అమ్ముతున్నాడు, చూడటానికి వెళ్తున్నాను, నువ్వూ రా అన్నాడు. పళ్ళక్క అప్పటికే చీర కొంగు బొడ్లో దోపింది. అప్పుడు వాడు, జీవితంలో మొదటిసారి, చూద్దాం అనకుండా ఒక మాట అన్నాడు.

"రా అక్కా. కానీ కారు గురించి నువ్వు ఒక్క మాట కూడా అనకూడదు. ఒక్క మాట అన్నావా, ఆ కారు కొనను. ఇంకే కారూ కొనను. ఇది మాత్రం నేనే చూసుకుంటాను."

వాడు కోపంగా అనలేదు. అదే పళ్ళక్కని భయపెట్టింది. కోపంగా అంటే ఎదురు అరవచ్చు. వాడు పిల్లలకి ఈత నేర్పేటప్పుడు మాట్లాడే గొంతుతో, మెత్తగా, కదలకుండా అన్నాడు. వాడన్నది వాడు చేస్తాడని ఆవిడకి అర్థమైంది. సరేనంది. వాడు వెళ్ళాక మొగుడి దగ్గర, నన్నంత మాటంటాడా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన పేపరు మడిచి, "వాడు ఇన్నేళ్ళూ చూద్దాం చూద్దాం అన్నది సరేనని కాదే పిచ్చిదానా, వద్దని" అన్నాడు. పళ్ళక్క ఆ మాట నమ్మలేదు. నమ్మకపోయినా ఆ మాట పంటి కింద రాయిలా వారమంతా తగులుతూనే ఉంది.

అద్దం దొరకలేదు. తమ్ముడు మోటారుసైకిలు తీసుకుని వచ్చేశాడు. ఆవిడే ఎంచిన మోటారుసైకిలు. పళ్ళక్క వెనక కూర్చుని దారి పొడుగునా పెదవి విప్పలేదు. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు వాడు వెనక్కి తిరిగి, ఉన్నావా అని అడిగాడు.

కళ్ళజోళ్ళాయన ఇల్లు శుభ్రంగా ఉంది, మనిషి ఇంకా శుభ్రంగా ఉన్నాడు. తెల్లచొక్కా, ముక్కు మీద బంగారు రంగు ఫ్రేము, మెడలో తాడుకి ఇంకో కళ్ళజోడు. ఇంటిపక్కన ఇనప షట్టరున్న గ్యారేజీ. షట్టరు పైకి లేపగానే పళ్ళక్క ఉన్నచోటే ఆగిపోయింది. కార్లంటే ఆవిడకి అభిమానమేమీ లేదు. కానీ ముదురాకుపచ్చ రంగులో, పడుకుని లేవబోతున్న జంతువులా ఉన్న ఆ కారుని చూసి తమ్ముడి మొహం మారిన తీరు చూసింది. వాడు పదేళ్ళ పిల్లాడైపోయాడు. ఆ వయసులోనే వాడు సైకిలు మీంచి పడి ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు. తర్వాత పళ్ళక్క పని నేర్చుకున్నాక చేసిన మొదటి మంచి పన్ను వాడిదే. ఇప్పటికీ వాడి నోట్లో ఉన్నది అదే. ఆ పన్ను తెల్లగా మెరుస్తుంటే వాడు కారు వంక చూసి నవ్వాడు. వీడికి ఈ కారు దక్కాలి అని పళ్ళక్క మనసులో గట్టిగా అనుకుంది. నేను నోరు మూసుకుంటే దక్కుతుందంటే, మూసుకుంటాను.

కళ్ళజోళ్ళాయనకి నోరు మూసుకునే బాధ లేదు. కారుని తను ఎంత అపురూపంగా చూసుకున్నాడో, వానలో బయటికే తీయలేదని, ఎండలో దుప్పటి కప్పేవాడినని, ఒక్క బోల్టు కూడా మార్చలేదని, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉందని చెప్పుకుంటూ పోయాడు. నడుం పట్టేయడం వల్ల ఇంత కిందికున్న కారులోకి దిగి ఎక్కలేక అమ్ముతున్నాడట. తమ్ముడు ఊ కొడుతూ, బానెట్ ఎత్తి చూశాడు, తలుపులు తీసి మూసి వాటి చప్పుడు విన్నాడు, రంగు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా పాముకుంటూ వెళ్ళాడు. ఇంజను స్టార్ట్ చేయించి, తల వంచి, కళ్ళు మూసుకుని విన్నాడు. పళ్ళక్కకి వాడు ఏదీ సరిగ్గా చూస్తున్నట్టు అనిపించలేదు. నేనైతే ఈపాటికి ఆ పెద్దమనిషిని పది ప్రశ్నలతో ఉతికి ఆరేసేదాన్ని అనుకుని, పళ్ళు బిగబట్టి నిలబడింది.

నిలబడ్డ మనిషికి తోచక గ్యారేజీ చుట్టూ చూసింది. అప్పుడు కనబడింది ఆవిడకి. కారు గ్యారేజీకి మధ్యలో లేదు. కుడిపక్క ఇద్దరు మనుషులు నడిచేంత ఖాళీ ఉంది. ఎడమపక్క మాత్రం గోడకి ఆనించినట్టు పెట్టారు, మనిషి అడ్డంగా దూరాలి. ఇంత అపురూపంగా చూసుకునే మనిషి గోడకి గీసుకునేలా కారెందుకు పెడతాడు? దాచాల్సిందేదో గోడవైపే ఉంది.

పళ్ళక్క కొంగు చుట్టేసుకుని, పొట్ట లోపలికి లాగి, ఆ సందులోకి దూరింది. ముందు చక్రం బాగానే ఉంది, వెండిలా మెరుస్తోంది. గోడకి వీపు రాసుకుంటూ వెనక చక్రం దాకా వెళ్ళి వంగి చూసింది. చూసి, లోపల్లోపలే నవ్వుకుంది.

ఆ చక్రం రంగే వేరు. మిగతా మూడూ కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. ఇది మసకబారి, బూడిద కలిసిన వెండిరంగులో ఉంది. అంచు మీద గీతలు. మధ్య నుంచి అంచుదాకా వెళ్ళే ఆకుల్లో ఒకదాని దగ్గర చిన్న సొట్ట. ఆకారం అదే, నక్షత్రంలా విచ్చుకున్న అయిదు ఆకులు. కానీ ఆకుల అంచులు మిగతా వాటిలా మెత్తగా లేవు, కాస్త పదునుగా, మొండిగా ఉన్నాయి. చక్రాల గురించి ఆవిడకేమీ తెలియదు. వరస గురించి మాత్రం ఆవిడకంటే తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. వరసలో కలవనిదే పెట్టుడుది. కంపెనీ చక్రం పోగొట్టుకుని, ఎక్కడో బయట పోతపోసిన డూప్లికేటు ఒకటి తెచ్చి తగిలించి, దాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు పెద్దమనిషి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడరనుకుంటుందట.

సందులోంచి బయటికొచ్చేసరికి తమ్ముడు కారుకి అటుపక్క కింద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. వీడికి ఇప్పుడే లేసు ఊడాలా అని పళ్ళక్కకి ఒళ్ళు మండింది. దగ్గింది. వాడు తల ఎత్తలేదు. ఇంకా గట్టిగా దగ్గింది. కళ్ళజోళ్ళాయన మంచినీళ్ళు తెప్పించమంటారా అన్నాడు. తమ్ముడు లేచి ముందు చక్రం దగ్గరికెళ్ళి అక్కడ మళ్ళీ కూర్చున్నాడు, ఈసారి రెండో బూటు. పళ్ళక్క వెళ్ళి వాడి భుజం మీద గిల్లి, కళ్ళతో గోడవైపు చూపించింది. వాడు ఆవిడ కళ్ళలోకి చూసి, "చూద్దాం అక్కా" అన్నాడు.

చూద్దాం అంటే సరేనా, వద్దా? ఆవిడకి మొదటిసారి అనుమానం వచ్చింది.

తర్వాత వాడు కారులోకి దిగి కూర్చున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, ఎటూ కదలని కారులో కాసేపు ఎటో వెళ్ళిపోయాడు. చక్రం అంటే పన్ను కాదు. పెట్టుడు పన్ను ఊడితే మహా అయితే చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. రోడ్డు మీద చక్రం ఊడితే? వీడు ఈ కారుని మెల్లగా నడపడానికి కొనడం లేదు. మాట్లాడితే కారు కొనడు, జన్మలో ఇంకేదీ కొనడు, నన్ను ఇంకెక్కడికీ రమ్మనడు. మాట్లాడకపోతే కొంటాడు, ఆ చక్రంతో వెళ్తాడు. ఆవిడ నోట్లో ఆ మాట నిప్పుకణికలా ఉంది, మింగలేదు, ఉమ్మలేదు.

తమ్ముడు కారులోంచి లేచి వచ్చి, కళ్ళజోళ్ళాయన ముందు నిలబడి, కుడిచెయ్యి చాపాడు. ఆయన సంతోషంగా తన చెయ్యి ముందుకి తెచ్చాడు. బేరం కుదిరిపోతోంది.

"ఆ చేతిలో చెయ్యి వెయ్యకురా" అంది పళ్ళక్క. "గోడవైపు వెనక చక్రం కంపెనీది కాదు. డూప్లికేటు."

కళ్ళజోళ్ళాయన మొహం పాలిపోయింది. ఆయన ఒక్కడుగు పక్కకి వేసి, ఆ సందుకి అడ్డంగా నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేననుకుంది పళ్ళక్క. గెలిచానన్న ఉత్సాహం ఒక్క క్షణం ఉంది. తమ్ముడి మొహం చూడగానే అది చప్పబడిపోయింది. వాడు ఆవిణ్ణి చూడటం లేదు, నేలని చూస్తున్నాడు. ఒక్క మాట అంటే కొననన్నాడు. ఆవిడ ఒకటి కాదు, గుప్పెడు మాటలంది.

"నేను చెయ్యి చాపింది బోల్టుల తాళం కోసం" అన్నాడు తమ్ముడు మెల్లగా. ఇలాంటి కార్లకి చక్రానికొక బోల్టు మామూలు పానాకి లొంగదట. దానికి విడిగా ఒక తాళం ఉంటుంది, అది లేకపోతే చక్రం ఊడదీయలేరు. అది అడగబోతున్నాడు. "సరే. అక్క ఎలాగూ అనేసింది కదా, చూద్దాం. కారు కాస్త వెలుతురులోకి తీయండి సార్."

కళ్ళజోళ్ళాయన నసిగాడు. నడుం అన్నాడు, ఎండ అన్నాడు. తమ్ముడు అలాగే నిలబడ్డాడు. నీళ్ళలోకి దిగనని ఏడ్చే పిల్లల ముందు కూడా వాడు అలాగే నిలబడతాడు, బతిమాలడు, బెదిరించడు, వెళ్ళిపోడు. చివరికి ఆయనే కారు తాళమూ బోల్టుల తాళమూ ఇచ్చాడు. కారు వాకిట్లోకి వచ్చింది. ఎండలో మూడు చక్రాలూ తళతళలాడాయి. నాలుగోది ఆ మెరుపు పక్కన ఇంకా పేదగా కనబడింది. చూశావా అన్నట్టు పళ్ళక్క చెయ్యి చూపించింది.

తమ్ముడు జేబులోంచి టార్చి తీశాడు. రెండో జేబులోంచి ఇంకోటి తీశాడు. సన్నటి స్టీలు కాడ, చివర బొత్తామంత అద్దం.

పళ్ళక్కకి కిందటి సాయంత్రం వాడు ల్యాబుకొచ్చి వెళ్ళిన సంగతీ, పొద్దున్నించీ మొగుణ్ణి తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి.

"నువ్వే చూసి చెప్పక్కా" అని అద్దం ఆవిడ చేతిలో పెట్టాడు. "ముందువైపు కాదు. ఆకు వెనక."

ఆవిడ చీర దోపుకుని నేల మీద కూర్చుంది. మసక చక్రం ఆకుల మధ్యలోంచి అద్దం లోపలికి పోనిచ్చి, దవడపన్ను వెనక చూసినట్టే మెల్లగా తిప్పింది. తమ్ముడు టార్చి పట్టాడు. ఆకు వెనక, బురదా బ్రేకు పొడీ పేరుకున్న చోట, లోహంలోంచే ఉబ్బిన అక్షరాలు కనబడ్డాయి. కారు ముక్కు మీదున్న గుర్తే అక్కడ చిన్నగా ఉంది. పక్కన కొలత. దాని పక్కన పోతపోసిన నెలా, సంవత్సరం. అవి చెక్కినవి కాదు, అచ్చులోనే ఉన్నవి. అచ్చుపనీ చెక్కుడుపనీ వేరువేరని పళ్ళక్కకి ఎవరూ చెప్పక్కర్లేదు. తమ్ముడు కాగితం చూడకుండానే, ఈ కారు తయారైంది ఆ తర్వాతి నెలల్లోనే అన్నాడు.

ఆవిడ లేచి అదే పక్క ముందు చక్రం దగ్గర కూర్చుంది. అద్దం పెట్టింది. ఆకు వెనక నున్నగా, బోసిగా ఉంది. గుర్తు లేదు, నెల లేదు. కుడివైపు వెళ్ళింది. అక్కడ రెండూ అంతే. పుట్టినరోజు లేని చక్రాలు మూడు. ముందువైపు అంతందంగా చేసినవాడు వెనక్కి తిప్పి చూసుకోలేదు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించే రకం పళ్ళక్క. కానీ కళ్ళెదుట నాలుగో కాలుంది. నేల మీదే కూర్చుని, అద్దం ఒళ్ళో పెట్టుకుని, "అదొక్కటే అసలుది" అంది. ఆ మాట పలకడానికి ఆవిడకి చాలా కష్టమైంది.

తాళంతో ఒక మెరుపు చక్రం ఊడదీసి చూపించాడు తమ్ముడు. మధ్య రంధ్రం ఇరుసుకి వదులుగా ఉంది, ఆ వదులు నింపడానికి ప్లాస్టిక్ రింగు పెట్టారు. సరిపోని పళ్ళ సెట్టు కింద జిగురు రాసినట్టుందని పళ్ళక్కకి చెప్పకుండానే తెలిసింది. గుంతలో పడితే కంపెనీ చక్రం వంగుతుందని, ఇలాంటిది పగులుతుందని తమ్ముడన్నాడు.

కళ్ళజోళ్ళాయన మెట్టు మీద కూలబడి, అప్పుడు నిజం చెప్పాడు. కిందటేడు ఇంటిముందు ఆపిన కారుకి రాత్రికి రాత్రి దొంగలు తాళం బోల్టులు విరగ్గొట్టి మూడు చక్రాలు విప్పుకుపోయారట. నాలుగోదాని తాళం బోల్టు మొండికేసి రాలేదు, అదొక్కటీ మిగిలింది. ఒక షాపువాడు అచ్చం కంపెనీవేనని ఒట్టేసి మూడు అంటగట్టాడు. కొత్తవి మెరుస్తుంటే పాతది దరిద్రంగా కనబడింది, దాని వల్ల బేరం చెడుతుందని గోడవైపు దాచాడు. "రోజూ జనానికి కళ్ళద్దాలు పెట్టి పంపిస్తానమ్మా" అన్నాడాయన, ముక్కు మీది ఫ్రేము తీసి తుడుచుకుంటూ. "నాకే కనబడలేదు." మార్చలేదని అబద్ధం చెప్పాడన్న కోపం పళ్ళక్కకి ఉంది. కానీ ఆయన దాచినదీ తను వేలెత్తి చూపించినదీ ఒకే చక్రం. ఆయన్ని తిట్టడానికి ఆవిడకి నోరు రాలేదు.

"నీకెలా తెలిసిందిరా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"వరసలో కలవనిదే పెట్టుడుదన్నావు కదా చిన్నప్పుడు. నిజమే, ఒకటే పెడితే. మూడు పెట్టేస్తే వరసే వాటిదైపోతుంది." వాడు నవ్వి, తన ముందుపన్ను మీద వేలు పెట్టాడు. "ఇది చూడు. నువ్వు పెట్టినప్పుడు పక్కవాటితో కలిసిపోయింది. ఇన్నేళ్ళ టీ తాగి పక్కవి ముసలివయ్యాయి, ఇది మాత్రం అలాగే ఉంది. రోజూ అద్దంలో దీన్నే చూస్తాను. వయసుకి తగ్గట్టు లేనిదే పెట్టుడుది అక్కా. ఈ కారు ఇన్నేళ్ళు తిరిగింది. దాని చక్రాలకి ఒక్క గీతయినా ఉండొద్దూ?"

ఆవిడ వాడి పన్ను వంక చూసింది. తన పని. ప్రతి వారం చూసే నోరు. అది వరసలో కలవడం మానేసి ఎన్నాళ్ళైందో ఆవిడ గమనించనే లేదు. వాడు తన దగ్గరే నేర్చుకుని, తనని దాటి వెళ్ళాడు. పాత సామాన్ల యార్డుల్లో సెలవురోజులన్నీ చక్రాల వెనక వేళ్ళు పెట్టి తడిమి నేర్చుకున్నాడట. ఇందాక లేసులు కట్టుకునే వంకతో చేసిందీ అదేనట. ఆవిడకి సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా గర్వమేసింది.

"అయితే ఇంక కొనవా?" అంది చిన్న గొంతుతో. "నేను మాటన్నాను కదా."

"ఒక్క మాట అంటే కొననన్నాను. నువ్వన్నది తప్పు మాట. అది లెక్కలోకి రాదు." వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని నేల మీంచి లేపాడు. "నేను తప్పుచేస్తాననుకుని, నేను మళ్ళీ పిలవనని తెలిసీ అన్నావు చూడు, దానికోసమే నిన్ను తీసుకొచ్చాను. నీళ్ళలో వదిలేసినా గట్టు మీద మనిషుండాలి. ఉంటే ధైర్యం. కానీ చెయ్యి మాత్రం పట్టుకోకూడదు."

తర్వాత వాడు కళ్ళజోళ్ళాయన వైపు తిరిగి, కారు నాకు కావాలి, ఈ మూడూ వద్దు, అసలైనవి మూడు నేనే వెతుక్కుంటాను, అందుకు తగ్గట్టు మాట్లాడుకుందాం అన్నాడు. మాట్లాడుకోవడమంటే పళ్ళక్కకి పండగ. బేరంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. చెప్పాల్సిన మొదటి మాట నాలుక చివరికొచ్చేసింది కూడా. ఆవిడ ఆ మాట మింగి, అద్దాన్ని కొంగుతో తుడుచుకుంటూ గేటు దగ్గరికి నడిచి, వీధి వైపు తిరిగి నిలబడింది. వెనక ఇద్దరి గొంతులూ వినబడుతున్నాయి, మాటలు వినబడలేదు. వినడానికి ఆవిడ ప్రయత్నించలేదంటే అబద్ధం. కానీ వెనక్కి మాత్రం తిరగలేదు.

బేరం కుదిరింది. చక్రాలు దొరికేదాకా కారు ఆ గ్యారేజీలోనే ఉంది, ఈసారి మధ్యలో. తమ్ముడు యార్డులు తిరిగి తిరిగి, చివరికి ఊరవతల ఒకచోట అదే రకం కారు చక్రాల గుట్ట ఉందని తెలుసుకుని, అక్కని తీసుకెళ్ళాడు. పని పంచుకున్నారు. అసలువేవో వాడు చెప్పాలి. అసలువాటిలో నాలుగోదాని రంగుకి కలిసేవేవో ఆవిడ చెప్పాలి. వాడు అద్దం పట్టుకుని గుట్టలో దూరి ఒక్కొక్కటే బయటికి దొర్లించాడు. ఆవిడ వాటిని ఎండలోకి తెచ్చి, ల్యాబులో పన్ను రంగు చూసినట్టు, చటుక్కున ఒక చూపు చూసి కళ్ళు తిప్పేసుకునేది. ఎక్కువ సేపు చూస్తే కన్ను రాజీపడిపోతుందని ఆవిడకి తెలుసు. యార్డువాడు, అన్నిటికీ కలిపి కొత్త రంగు కొట్టించుకోండి, జిగేల్మంటాయి అన్నాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకేసారి వద్దన్నారు.

అలా నాలుగు ముసలి చక్రాలతో, గీతలతో, సొట్టతో, ఆ కారు రోడ్డెక్కింది. పక్క సీట్లో పళ్ళక్క. సీటు ఎంత కిందికుందంటే రోడ్డు మీద కూర్చుని వెళ్తున్నట్టే ఉంది, ఆ సంగతి ఆవిడ చెప్పింది కూడా. మాట్లాడకూడదన్న షరతు ఇప్పుడు లేదు కాబట్టి అద్దాల గురించి, హారను గురించి, ముందు వెళ్తున్న లారీ గురించి కూడా చెప్పింది. తమ్ముడు నవ్వుతూ నడిపాడు. స్టీరింగు అదరలేదు. కారు గీత గీసినట్టు వెళ్తోంది.

వాడు నవ్వినప్పుడల్లా ఆ పన్ను మెరుస్తోంది. ఇప్పుడు తెలిశాక ఆవిడకి ఇంకేమీ కనబడటం లేదు. తన చేతిపని, వరసలో కలవకుండా, అందరికీ కనబడేలా.

"ఒరేయ్, రేపు ల్యాబుకి రా" అంది. "ఆ పన్ను తీసి కొత్తది పెడతాను. పక్కవాటికి కలిసేలా, కాస్త పచ్చగా, ఒక గీతతో. ఎవడూ కనుక్కోలేడు."

తమ్ముడు నాలుకతో ఆ పన్నుని ఒకసారి తడుముకున్నాడు.

"చూద్దాం అక్కా" అన్నాడు.

పళ్ళక్క ఏ టైముకి రావాలో చెప్పడానికి నోరు తెరిచింది. ఒక్క క్షణం ఆగింది. వాడి మొహం వంక చూసి, "సరేలే, ఉండనీ" అని, కిటికీ అద్దం దించి మోచెయ్యి బయటికి పెట్టుకుంది.